అవ్వ మరిచిన తమిళం

మొన్న తమిళనాట మా గుడియాత్తంలో నేతగాళ్లు వీధి పొడవునా పడుగు నూలు చాపి గంజి పెడుతుంటే చూశాను. ఆ పులిసిన వాసనకు మా అవ్వ, ఎదురింటి పాట్టి గుర్తొచ్చారు.

పాట్టి తమిళావిడ; వాళ్ల భాషలో పాట్టి అంటే అవ్వే. రోజూ మధ్యాహ్నం మా వసారాలో కూర్చుని అవ్వతోపాటు నూలు కండెలు చుట్టేది. చేతులు ఆగేవి కావు, కబుర్లూ ఆగేవి కావు. చిత్తూరు వైపు నుంచి పెళ్లయి వచ్చిన అవ్వకు తమిళం నేర్పింది ఆవిడే.

పక్షవాతం వచ్చి, వేలూరు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక అవ్వ మాతో తడబడుతూ తెలుగు మాట్లాడేది. పాట్టి పలకరిస్తే మాత్రం బదులివ్వకుండా ముఖంలోకి చూసేది. అవ్వ అలిగిందనుకున్నాను. ఏడేళ్లదాన్ని. ఒకరోజు పాట్టిని గుమ్మంలోనే ఆపి, మా అవ్వకు మీమీద కోపం, ఇంక రావద్దని తమిళంలో చెప్పేశాను. పాట్టి కండెల బుట్ట చంకనెత్తుకుని వెనక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం అవ్వ వాకిలి వైపే చూస్తూ అడిగింది.

"పాపా, ఎదురింటామె యాడ ఉండాది? ఈ పొద్దు రాలేదే."

"నీకు ఆమె మీద కోపం కదా అవ్వా?"

"కోపమెందుకుమ్మా? ఆమె మాట నాకు తెలీకుండా పోయినాది. ఊరికే పక్కన కూచుంటే చాలు."

పాట్టిని రావద్దన్నది నేనేనని, భయమేసి ఎవరికీ చెప్పలేదు.

మెదడు దెబ్బతింటే కొందరికి తర్వాత నేర్చిన భాషే పోతుందని పెద్దయ్యాక ఒక డాక్టరు చెబితే విన్నాను. అవ్వ అన్న మాట పాట్టికి చేర్చడానికి నాకు రెండు భాషలూ వచ్చు. అయినా అవ్వ పోయిన రోజు దాకా నేను ఆ వీధి దాటి పాట్టి గడప తొక్కలేదు.