ఉమ్ కమల జాడీ

నారింజ రంగు ప్లాస్టిక్ బకెట్టొకటి మా వంటింటి గట్టు మీద బోర్లించి ఉంది. గుమ్మడికాయ ఆకారం, త్రికోణపు కళ్ళు, పళ్ళికిలించే నోరు. అక్టోబరు నెలాఖరుకి మస్కట్‌లో ఏ మాల్‌కి వెళ్ళినా గుట్టలుగా పోసి అమ్మే రకం. ఎన్నిసార్లు సబ్బు పెట్టి తోమినా, బాల్కనీలో ఎండబెట్టినా దానికి పట్టిన వాసన వదలడం లేదు. నిమ్మకాయ పులుపు, ఆవపిండి ఘాటు, పాత పప్పునూనె కమురు, మూడూ కలిసిన వాసన. ఇల్లంతా అట్టపెట్టెలు. ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ, ఒక పెట్టె కట్టి, అందులో ఏదో మరిచానని మళ్ళీ విప్పి, విప్పినదాన్ని అలాగే వదిలేసి ఇంకో గదిలోకి వెళ్ళి, కాలు ఒక చోట నిలవకుండా తిరుగుతున్నాను. ఆ బకెట్టు దగ్గర మాత్రం ఆగి, ముఖం లోపలికి పెట్టి ఒకసారి గట్టిగా పీల్చి, మళ్ళీ తిరుగుడు మొదలుపెడతాను. మా ఆయన నేను విప్పి వదిలేసిన పెట్టెలన్నీ వెనకాలే మళ్ళీ కట్టుకొస్తున్నారు.

ఆయన ఉద్యోగం అయిపోయింది. ఇక్కడ ఉద్యోగం ఉన్నంతకాలమే వీసా, వీసా ఉన్నంతకాలమే ఇల్లు. ఆ సంగతి తెలియక కాదు. ఐదేళ్ళ పిల్లగా అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒమన్‌లో దిగి, ఇక్కడే పెరిగి, ఇక్కడి ఇంటికే కోడలినై, ఇక్కడే కూతుర్ని కని పెంచి పెళ్ళి చేసి, ఇప్పుడు కాకినాడలో కొన్న ఫ్లాట్‌కి ‘తిరిగి’ వెళ్ళిపోవాలట. అందరూ ఆ మాటే వాడుతున్నారు. తిరిగి ఏమిటి నా మొహం, నేనక్కడ ఉన్నదెప్పుడు? ఈ దేశం నుంచి నావి అని చెప్పుకోడానికి ఏం పట్టుకెళ్తాను? ఫ్రిజ్జూ, సోఫానా? అందుకే వెళ్ళేలోగా ఒక్క వస్తువైనా సంపాదించాలని పంతం పట్టాను. పాతది, ఇక్కడి మట్టిదో, చెక్కదో, చేత్తో ముట్టుకుంటే నా చిన్నతనం తగలాలి.

మా అమ్మాయి సుమ దుబాయిలో ఉంటుంది. పిల్లల స్కూలుకి హాలోవీన్ వారం సెలవలిస్తే, తొమ్మిదేళ్ళ అన్వినీ, ఆరేళ్ళ రిషినీ కార్లో వేసుకుని, ఈ ఇంట్లో ఆఖరిసారి మాతో ఉండాలని వచ్చింది. నేను వాళ్ళని ఇంట్లో ఉండనిస్తేగా! బర్కాలో ఖర్జూరం తోటల పక్కనున్న పాత సామాన్ల కొట్టుకి ఒక రోజు, ఇబ్రా బజారుకి ఇంకో రోజు. ఇత్తడి మొలలు కొట్టిన పెళ్ళిపెట్టెలు, వెండి కడియాలు, పొగచూరిన కాఫీ చెంబులు, అన్నీ ఎత్తి చూసి, తిప్పి చూసి, దించేశాను. పిల్లలు దుమ్ములో తుమ్ముతూ నా వెనకాల నడిచారు. సుమకి విసుగొచ్చింది.

“అసలు నీక్కావలసిందేంటో చెప్పమ్మా, అదే వెతుకుదాం,” అంది.

అప్పుడు చెప్పాను, బహ్లా వెళ్దామని. ఆ మాట అనడానికే భయపడి అన్ని ఊళ్ళు తిప్పానని నాకు అప్పుడే తెలిసింది.

మా నాన్నగారికి కరెంటు పనిలో ఉద్యోగం, మస్కట్ నుంచి కొండల మధ్య గంటల తరబడి లోపలికి పోతే వచ్చే బహ్లాలో. ఊరి చుట్టూ మట్టిగోడ, నడుమ గుట్ట మీద మట్టికోట, దాని కింద ఆకుపచ్చగా ఖర్జూరం తోటలు, తోటల మధ్య నిమ్మచెట్లూ మామిడిచెట్లూ, వాటి మొదళ్ళ పక్క నుంచి ఫలజ్ అనే సన్నని రాతి కాలవ. ఆ కాలవ నీళ్ళు వేసవిలో చల్లగా, చలికాలం పొద్దున్నే గోరువెచ్చగా ఉండేవి. నేనూ, పిన్ని అనే వరసలో ఖాలా అని పిలిచే పక్కింటి సల్మా ఖాలా కూతురు షమ్సా, కాళ్ళు అందులో వేలాడేసి కూర్చుని నేలరాలిన ఖర్జూరాలు ఏరి తినేవాళ్ళం. తెలుగు మాట్లాడేవాళ్ళు మా ఇంట్లో తప్ప ఊళ్ళో ఎవరూ లేరు కాబట్టి, నేను షమ్సాతో ఆడి ఆడి అరబ్బీ నేర్చేసుకుని అమ్మకి దుబాసీనయ్యాను. కుమ్మరులు పారేసిన పెంకుల్లోంచి గుండ్రటివి ఏరుకుని మా మట్టి వాకిట్లో తొక్కుడుబిళ్ళ గీసుకునేవాళ్ళం. దీపావళికి గోగుకాడలు దొరక్క అమ్మ ఖర్జూరపు మట్టల ఈనెలకి పాతచీర పీలికలు చుట్టి, నూనెలో తడిపి వెలిగించి దివిటీలు కొట్టించేది. షమ్సా తన తమ్ముళ్ళని కూడా పిలుచుకొచ్చి మా వెంట నేలకేసి కొట్టేది, ఎందుకు కొడుతున్నామో ఒక్కసారైనా అడక్కుండా.

బహ్లా అంటే జిన్నుల ఊరని ఒమన్‌లో ఎవరినడిగినా చెబుతారు. పొద్దు వాలితే చాలు, సల్మా ఖాలా కేకలేసి పిల్లలందరినీ లోపలికి తోలి, మట్టి ధూపదానిలో లుబాన్ సాంబ్రాణి వేసి మూలమూలా పొగ పెట్టేది. గోడకి ఇవతల మా అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసి నిప్పుల్లో పోసేది. రెండు పొగలూ గోడ మీద కలిసేవి, రెండిళ్ళవాళ్ళం కలిసి దగ్గేవాళ్ళం. ఆ జిన్నులకి ఏ పొగ ఘాటు తగిలేదో గానీ, మా ఇళ్ళ జోలికి మాత్రం రాలేదు.

ఇక జాడీ సంగతి. ఒక వేసవిలో సల్మా ఖాలా తోటలో పుల్లటి పచ్చిమామిడి విరగగాసింది. అది చూశాక అమ్మకి కంటిమీద కునుకు పడలేదు. కాకినాడ నుంచి తెచ్చుకున్న ఆవకాయ కత్తి పెట్టె అడుగున అప్పటిదాకా గుడ్డ చుట్టి పడి ఉండేది. నాన్నగారి చేత మస్కట్ నుంచి ఆవాలూ, కారం, బుడ్ల కొద్దీ పప్పునూనె తెప్పించింది. లేనిదల్లా జాడీ. సల్మా ఖాలా ఇంట్లో మనిషెత్తు మట్టి బానల్లో ఏడాదంతా ఖర్జూరం నిలవుంటుంది, పాకం బొట్టు కూడా బయటికి కారదు. ఖర్జూరం ఆగినప్పుడు ఆవకాయ ఆగదా అని అమ్మ లెక్క. కుమ్మరి దగ్గర, సల్మా ఖాలా బానల్లాంటిదే గానీ చిన్నది, కొత్తగా కాల్చింది, మూత కూడా సరిపోయేది చేయించుకొచ్చారు. పసుపూ కుంకుమా పెట్టి, తలస్నానం చేసి, మమ్మల్ని గడప అవతల కూర్చోబెట్టి, చెమటలు కారుతుంటే ముక్కలు కొట్టి కలిపి జాడీకెత్తింది. గోడ మీంచి ఆ వీధి ఆడవాళ్ళందరూ తొంగి చూశారు.

మర్నాడు జాడీకి చెమట పట్టింది. ఆ మర్నాటికి కింద ఎర్రటి మడుగు. నూనె కారుతూనే ఉంది, అమ్మ పళ్ళెం పెట్టింది, పళ్ళెం నిండింది, పట్టి మళ్ళీ పైన పోసింది, మళ్ళీ కారింది. చీమలు, ఈగలు. లోపల ముక్కలు ఎండిపోయి బిక్కమొహం వేశాయి.

“ఇదేం మాయదారి జాడీ అండీ బాబూ! నూనంతా తాగేసి, కింద పోసేస్తంది!” అని అమ్మ నడవలో చతికిలపడి ఏడ్చింది.

సల్మా ఖాలా వచ్చి చూసి, చూరు పట్టుకుని నవ్వీ నవ్వీ, కూలబడి నవ్వి, చివరికి చెప్పింది. కొత్త మట్టికి దాహం ఎక్కువ. తన బానలు అత్తగారి అత్తగారి నాటివి, ఎన్నేళ్ళ పాకమో తాగి కడుపు నిండినవి. నేను తెలుగులో చెప్పేసరికి అమ్మకీ నవ్వొచ్చింది. మిగిలిన ఆవకాయ వీధంతా పంచేశాం. సల్మా ఖాలా ఒక ముక్క కొరికి, కళ్ళలో నీళ్ళు కారుతూ, పక్కన ఖర్జూరం పెట్టుకుని మొత్తం తినేసింది. మరుసటేడు నా చదువు కోసం మస్కట్ మారిపోయినప్పుడు అమ్మ ఆ ఎర్రబడ్డ జాడీని ఆవిడకే ఇచ్చేసింది. ఆ తర్వాత ఎవరి బతుకు వాళ్ళది, రాకపోకలు పోయాయి.

ఈసారి మా ఆయన కూడా వచ్చారు. బహ్లా బజారులో పాత సామాన్ల కొట్టువాడు కడప ముస్లిమట, నేను సుమతో తెలుగులో మాట్లాడగానే ఎగిరి గంతేశాడు. అక్కడున్న ప్రతి కుండలోనూ నేను తల దూర్చి వాసన చూస్తున్నాను. ఆ రోజే హాలోవీన్, దయ్యాల వేషాలేసి బకెట్లలో చాక్లెట్లు అడిగే పండగ, అని పిల్లలు వద్దన్నా వినకుండా వేషాలు కట్టారు. అన్వి మంత్రగత్తె, రిషి మా పాత దుప్పటికి కన్నాలు చేసుకున్న దయ్యం. జిన్నుల ఊళ్ళో దయ్యాన్ని వెంటబెట్టుకుని కుండలు మూచూస్తున్న ముసలమ్మని చూడ్డానికి నలుగురు పోగయ్యారు.

“ఏం మేడం, కడవలకన్నిటికీ ముక్కు పెట్టి చూస్తాండారే? ఏమన్నా పోగొట్టుకొనుండారా?” అన్నాడు కొట్టువాడు.

ఎందుకో అతనికి అంతా చెప్పేశాను. అతను గడ్డం గోక్కుని, “ఆ కుమ్మరోళ్ళ వీధిలో ఒక ఇంటోళ్ళు నిమ్మకాయ ఊరగాయ పెడతారు మేడం. ఆవపిండి యేసి, అచ్చం మనూరి రుచే! ఈ అరబ్బోళ్ళకి యాడ తెలిసెరా ఇది అని నేనే అనుకుంటా ఉంటా. పోయి చూడండి,” అన్నాడు.

అది మా పాత వీధే. మా మట్టి ఇల్లు కూలి దిబ్బయింది. పక్కన సల్మా ఖాలా ఇంటి చోట సిమెంటు మేడ, ఇనప గేటు. తలుపు తీసిన పెద్దావిడ ఎవరు కావాలని అడిగింది. నేను పేరు చెప్పాను.

“కమలా? ఉమ్ కమల… కమలవా?” అంది షమ్సా.

ఉమ్ అంటే తల్లి. ఇక్కడ ఆడవాళ్ళని బిడ్డ పేరు పెట్టి, ఫలానా పిల్ల తల్లి అని పిలుస్తారు. మా అమ్మని ఆ వీధిలో ఎవరూ వేరే పేరుతో పిలవలేదు. షమ్సా నన్ను కావలించుకుని ఏడుస్తుంటే, ఆమె వెనక నుంచి ఒక మనవరాలు, రిషి ఈడు పిల్ల, కళ్ళు ఇంతింత చేసి అడిగింది: “జాడీ పేరులో ఉండే కమలా?”

వంటింటి మూల ఆ జాడీ, నల్లగా, నున్నగా, మూత మీద గుడ్డ కట్టి ఉంది. సల్మా ఖాలా ముందు దాంట్లో నీళ్ళు పోసిందట, ఘాటు. ఖర్జూరం వేసిందట, ఘాటు. చివరికి, దీనికి అలవాటైన తిండే పెడదామని నిమ్మకాయలు కోసి, మా అమ్మ చేతిని గోడ మీంచి చూసింది గుర్తున్నంతవరకు ఆవపిండీ నూనే కలిపి పెట్టిందట. కొన్నేళ్ళు కారి కారి, దాహం తీరి, ఆగిపోయింది. సల్మా ఖాలా పోయారు, కోడళ్ళు పెడుతున్నారు. ఇంట్లో అందరూ దాన్ని ఉమ్ కమల జాడీ అంటారు. ఏడాదికోసారి అది నిండాకే నిమ్మకాయల పని అయినట్టు.

నేను కింద కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. నా మొహం చూసి షమ్సా ఇంకో మాట లేకుండా స్టీలు గిన్నెలు తెప్పించింది. “తీసుకుపో. మీ అమ్మది. నీది,” అంది. కోడలు గరిటె పట్టుకొచ్చింది. మా ఆయన డిక్కీలో పడుతుందా అని చూడ్డానికి అప్పుడే కారు దగ్గరికి నడిచారు. నాక్కావాలి. నిజంగా కావాలి, ఆ వారమంతా అన్ని ఊళ్ళు తిరిగింది దీనికోసమే. సరే అనడానికి నోరు తెరిచాను.

అప్పుడు షమ్సా కోడలు, పెద్దగిన్నె ఎక్కడుందో చెప్పడానికి కాబోలు, లోపలికి కేకేసింది: “ఉమ్ కమల జాడీ ఖాళీ చేస్తున్నాం, ఆ పెద్దది పట్రండి!” మేడ పైనుంచి ఎవరో యువకుడు, నేనెన్నడూ చూడనివాడు, “ఉమ్ కమల జాడీనా? ఎందుకు?” అని అడిగాడు. మా అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో. కాకినాడలో కూడా ఆవిడ పేరెత్తే మనిషి లేడు. ఇక్కడ మాకు స్థలం లేదు, ఇల్లు లేదు, వీసా కూడా ఇంకొన్నాళ్ళే. ఈ జాడీ ఎత్తుకుపోతే ఈ దేశంలో ఆ పేరు పలికే నోరుండదు.

వద్దన్నాను. షమ్సా బతిమాలింది, కోప్పడింది, నేను ఏడుస్తూ వద్దనే అన్నాను. ఆమె చివరికి ఒక గాజుసీసా నిండా ఊరగాయ పెట్టి, ఏం చేయాలో తోచక, వాకిట్లో దయ్యం వేషంలో నిలబడ్డ రిషి గుమ్మడికాయ బకెట్టులో ఖర్జూరాలతో సహా దింపేసింది. వాడు ముసుగెత్తి, “అమ్మమ్మా, చాక్లెట్ లేదా?” అన్నాడు. షమ్సా మనవరాలు పరిగెత్తుకెళ్ళి తెచ్చింది. కారులో ఆ సీసా మూత సరిగా పడక నూనె కారింది. అది మా ఇంటి ఆనవాయితీ.

పిల్లలు దుబాయి వెళ్ళిపోయారు. “ఆ బకెట్టు పారెయ్యమ్మా, కంపు,” అని సుమ ఫోన్‌లో చెబుతూనే ఉంది. మట్టి ఇళ్ళు పోయాయి, మా తొక్కుడుబిళ్ళ వాకిలి పోయింది, మేం కాళ్ళు వేలాడేసిన చోట కాలవ ఎండిపోయి రాళ్ళు తేలాయి, సల్మా ఖాలా లేరు, గోడ మీద కలిసే రెండు పొగలూ లేవు. రేపు సామాన్లవాళ్ళు వస్తారు. బకెట్టు పెట్టెలో పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. కాలు ఇంకా నిలవడం లేదు. కానీ మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కసారి ఆగుతాను. ఈ పాటికి బహ్లాలో ఎవరో ఒకరు ఆ చిన్నపిల్లతో, ఉమ్ కమల జాడీలోంచి రెండు ముక్కలు పట్రావే అని చెబుతూ ఉంటారు. మా అందరిలోకీ వీసా లేకుండా ఇక్కడ ఉండిపోయింది మా అమ్మ ఒక్కతే.