రెండు వేళ్ల పుట్టీ

మా పిన్ని కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ల కోపం పాలపొంగు లాంటిది, మంట తగ్గిస్తే దిగిపోతుంది. పిన్నిది కుంపటి. పైన బూడిద, కింద ఎర్రటి నిప్పు. ఆరిపోతుందేమోనని అనుమానం వస్తే తనే కాస్త ఊదుకుంటుంది కూడా. ఆ నిప్పు రాజేసింది మా పెదనాన్న, అంటే పిన్నికి స్వయానా అక్క మొగుడు.

పెదనాన్నకి కార్ల సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డుంది. ఎక్కడో గుద్దుకున్న పాత కారొకటి చవగ్గా తెచ్చి, తళతళా రంగు వేసి, "ఇంటి పిల్లవని ఇస్తున్నాను మరదలా, బయటివాళ్లైతే కళ్లకద్దుకుని పట్టుకుపోదురు" అంటూ పిన్నికి అంటగట్టాడు. పిన్ని మురిసిపోయింది. వాన వెలిసిన ఒక మధ్యాహ్నం ఆ కారులోనే అక్క ఇంటికి వచ్చింది. గేటు దగ్గర చుట్టాలంతా నిలబడి ఉన్నారు. దిగింది, కాస్త దర్జాగానే తలుపు వేసింది. పళ్లెమంత పెచ్చు తలుపు నుంచి ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది.

పుట్టీ అంటే, రేకుకి పడ్డ సొట్టని సుత్తితో తీశాక, మిగిలిన గీతలు కనపడకుండా పల్చగా రాసే ముద్ద. పెదనాన్న ఆ సొట్ట జోలికే పోలేదు. గుంటంతా పుట్టీతో పూడ్చి, పైన రంగు కొట్టేశాడు. పెచ్చు ఊడిన చోట తుప్పు పట్టిన రేకు, బోసినోరు తెరిచినట్టు, బయటపడింది.

పెదనాన్న ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు.

"అది కారు తలుపు మరదలా, వంటింటి అలమారా కాదు! అంత బలంగా బాదితే రైలు తలుపైనా ఊడుతుంది!"

అందరూ నవ్వారు. మొగుడి మొహం చూసి పెద్దమ్మ కూడా నవ్వింది. "పుట్టీ మరదలు" అన్నాడు పెదనాన్న ఆ ఊపులోనే. సాయంత్రానికల్లా మా అందరికీ ఆమె పుట్టీ పిన్ని అయిపోయింది.

ఇంటికెళ్లాక పిన్ని బాబాయితో అన్నది ఒక్కటే మాట. "అది పుట్టీయేనని ఆయన నోటితోనే, వాళ్లందరి ముందే, అనిపిస్తాను."

"ఎందుకే గొడవ? ఇంకెక్కడైనా అతికించుకుంటే పోలా?"

"అతికిస్తే సాక్ష్యం పోతుంది."

మర్నాటి నుంచి ఆ కారుని, సొట్టున్న వైపు షెడ్డులోకి కనపడేలా, ఎదురుగా రోడ్డు మీద నిలపడం మొదలుపెట్టింది. షెడ్డుకొచ్చే ప్రతివాడూ ముందు ఆ సొట్టని చూడాల్సిందే. ఓర్చుకోలేక పెదనాన్న ఒకరోజు దాని మీద టార్పాలిన్ కప్పించాడు. పిన్ని దాన్ని చక్కగా మడతపెట్టి లోపలికి తీసుకెళ్లింది. "మీ దుప్పటి రోడ్డు మీద మర్చిపోయారు బావగారూ. ఎవరైనా ఎత్తుకుపోతారు."

అయినా ఆయన నోరు విప్పలేదు. దాంతో పిన్ని వెళ్లి, కార్ల సొట్టలు తీసి రంగు వెయ్యడం నేర్పే వృత్తి శిక్షణ కేంద్రంలో చేరింది. నలభై దాటిన ఆడమనిషి, మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ల మధ్య ముందు వరసలో కూర్చుంది. అక్కడి మాస్టారు పీలగా ఉంటాడు, ఆయన గోళ్లలో ఎప్పుడూ ఎవరిదో ఒకరి కారు రంగు ఉంటుంది.

"మీరెందుకు నేర్చుకోవాలనుకుంటున్నారమ్మా?"

"పగ తీర్చుకోవడానికండీ."

మాస్టారు రిజిస్టరులో పేరు రాసుకున్నాడు. "మంచిదేనమ్మా. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు ఎండలు ముదిరేసరికి మానేస్తున్నారు."

సొట్ట కంటికి దొరకదు, కళ్లు మూసుకుని అరచేత్తో వెతకాలి అని ఆయన మొదటి పాఠం. పిన్ని ఇంట్లో సాధన చేసింది. ఫ్రిజ్జు తలుపు, బీరువా, ఆఖరికి బాబాయి బట్టతల. "ఇక్కడ కాస్త లోతుందండీ" అనేది కళ్లు మూసుకుని. "నిన్ను చేసుకున్నప్పుడు పడిందే అది" అనేవాడు బాబాయి.

రంగు కలపడంలో మాత్రం పరువు పోయింది. ట్యూబ్‌లైటు కింద గంటలకొద్దీ కలిపి, కేంద్రంలోని పాత కారు తలుపుకి వేసి, అచ్చుగుద్దినట్టు కుదిరిందని కుర్రాళ్లందరినీ పిలిచి చూపించింది. కారుని ఎండలోకి తోసేసరికి ఆ తలుపు ఒక చొక్కాకి వేరే చొక్కా చెయ్యి కుట్టినట్టుంది. కుర్రాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ట్యూబ్‌లైటుని నమ్మకూడదమ్మా. అబద్ధాలకోరు" అన్నాడు మాస్టారు.

"మా బావగారి తాలూకేమో" అంది పిన్ని, ఆ రంగంతా గీకుతూ.

శిక్షణ ముగింపుకొస్తున్న రోజుల్లో పెద్దమ్మ ఫోన్ చేసింది.

పెదనాన్నకి ఒక ముద్దుల కారుంది. దాన్ని ఆయనే కడుగుతాడు, ఆయనే తుడుస్తాడు. పెద్దమ్మకి కారు నడపడం వచ్చు, కానీ దాని మీద చెయ్యి వెయ్యనివ్వడు. కొత్త యంత్రం కొనడానికి ఆయన వారం రోజులు వేరే ఊరు వెళ్లినప్పుడు, వీధి చివరిదాకా ఒక్కసారి వెళ్లొద్దామని ఆవిడకి బుద్ధి పుట్టింది. వెళ్లింది, వచ్చింది. వస్తూ వస్తూ గేటు స్తంభానికి ఎడమ తలుపు ఆనించింది.

"షెడ్డుకి పంపితే పనివాళ్లు చెప్పేస్తారే. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టు."

పిన్ని ఒట్టు పెట్టింది. ఆనందంలో దేనికి పెడుతోందో చూసుకోలేదు.

శత్రువు కారు నడుచుకుంటూ తన చేతిలోకే వచ్చింది! శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లి, సొట్ట ముందు పీట వేసుకుని కూర్చుంది. పుట్టీ డబ్బా తెరిచి, పలక మీద వేసి, గట్టిపడే మందు కలిపింది. రెండు వేళ్ల మందం పెడితే చాలు. ఒక ఎండ, ఒక వాన, ఏ నడిబజారులోనో పెచ్చు ఊడుతుంది. ఆ దృశ్యాన్ని ఎంతసేపు చూసుకుందంటే, పలక మీద పుట్టీ రాయైపోయింది.

మాస్టారు వచ్చి చూశాడు. "ఏమ్మా, పెట్టరా?"

"పెడితే ఇది ఆయన పనే అవుతుందండీ. ఆయన పని నా చేత్తో చెయ్యనా? ఛీ!"

తలుపు లోపలి అట్ట విప్పింది. వెనక ఇనుప దిమ్మ ఆన్చి, ముందు నుంచి చిన్న సుత్తితో, ఒక్కో దెబ్బకీ ఆయన పేరు తలుచుకుంటూ, రేకుని ఇంచీ ఇంచీ దారికి తెచ్చింది. పుట్టీ గోరంత కూడా వాడలేదు. రంగుని పొద్దుటి ఎండలో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మబ్బు పడితే ఇంకోసారి చూసింది. అంత శ్రద్ధగా ఎవరినీ ద్వేషించి ఉండదు.

పెదనాన్న తిరిగొచ్చాడు, కారు కడిగాడు, ఎడమ తలుపుని ముద్దుగా నిమిరాడు. ఏమీ కనిపెట్టలేదు. పిన్ని పనిగట్టుకుని వెళ్లి వరండాలో కూర్చుని ఆ నిమరడం చూసింది. నవ్వు గొంతుదాకా వచ్చి ఒట్టుకి తగిలి ఆగింది. గెలిచింది, ఎవరికీ చెప్పుకోలేదు! అన్నం సయించడం మానేసింది. "నీ కడుపులో ఏదో ఉంది. చెప్పకపోతే పగిలిపోతావే" అనేవాడు బాబాయి.

ఇంతలో పెదనాన్న షెడ్డులో కొత్తగా పెయింట్ గది కట్టించి, చూడ్డానికి చుట్టాలందరినీ పిలిచాడు. నేనూ వెళ్లాను. ఎండలో తన కారు నిలబెట్టి, పనివాళ్లనీ మమ్మల్నీ చుట్టూ చేర్చాడు.

"మా పుట్టీ మరదలు కూడా నేర్చుకుందిట! రామ్మా, చూడు. కంపెనీ వాడి చెయ్యంటే ఇదీ. ఈ తలుపు నిమిరి చూడు. ఏడు జన్మలెత్తినా నీకిలా రాదు."

ఆయన చూపించింది ఎడమ తలుపే.

పిన్ని మొహం కందగడ్డలా అయింది. పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ తల దించుకుంది.

"కాస్త గట్టిగా చెప్పండి బావగారూ," అంది పిన్ని, పళ్ల మధ్య నుంచి. "వెనకవాళ్లకి వినపడలేదు."

"కంపెనీ వాడి చెయ్యి అంటున్నా!"

"కాదండీ." ఆ మాట పెద్దమ్మది. "అది మా చెల్లెలి చెయ్యి."

పెదనాన్న నవ్వబోయి ఆగాడు. వంగాడు, తలుపు తీశాడు, అంచులు చూశాడు, కళ్లు మూసుకుని అరచేత్తో వెతికాడు. వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాడు. పుట్టీ లేని రేకు గణగణమంది.

"దీన్ని ఎవరు గుద్దారు?"

"నేనే. మీ కారు నడిపాను. బాగానే నడుస్తుంది, స్తంభమే కాస్త అడ్డొచ్చింది."

పనివాళ్లలో ఎవడో కిసుక్కుమన్నాడు. పిన్ని ముందుకొచ్చి, ఎదురుగా రోడ్డు మీద నిలబడ్డ సొట్ట కారు వైపు చెయ్యి చాపింది.

"ఇప్పుడు దాని సంగతి చెప్పండి బావగారూ. నేను బలంగా వేశానా?"

"అదీ... కొంచెం పుట్టీ ఎక్కువైంది."

"కొంచెమంటే?"

పెదనాన్న రెండు వేళ్లు ఎత్తి చూపించాడు, క్లాసులో బయటికెళ్తానని అడిగే పిల్లాడిలా. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "సరేలే, రేపు లోపలికి పంపు. నేనే చేసిపెడతాను."

"వద్దండీ, చేసేది నేనే. వెనక దిమ్మ పట్టుకోవడానికి మాత్రం ఒక మనిషి కావాలి."

మర్నాడు షెడ్డు నడిమధ్యలో, పనివాళ్లందరి ఎదురుగా, పెదనాన్న సొట్ట తలుపు వెనక గొంతుక్కూర్చుని ఇనుప దిమ్మ పట్టుకున్నాడు. ఇటు నుంచి పిన్ని సుత్తి. పెద్దమ్మ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చుంది.

"పైకి పట్టండి బావగారూ. అంత పైకి కాదు. ఆ, అక్కడే. కదలకండి."

కాసేపటికి దెబ్బల మోత మారింది. సొట్ట పోయిందని, ఇక ఆపొచ్చని, ఆ మోత విన్న పనివాళ్లందరికీ తెలుసు. దిమ్మ పట్టుకున్న పెద్దమనిషికి ఇంకా బాగా తెలుసు. ఎవరూ నోరెత్తలేదు. పిన్ని భోజనాల వేళ దాకా కొడుతూనే ఉంది.