ఒక్క మెయిలు, ముప్పై ఉప్పు పాకెట్లు

తెలంగాణ సమ్మె నడుస్తున్న ఆ రోజుల్ల మా దగ్గర బడులు బంద్, బస్సులు బంద్. బంద్ గానిది ఒక్క మా బాపు నోరే. "గీ నెలల గా కంప్యూటర్ పనిల ఏమన్న చేసి చూపెట్టు, లేకుంటె సక్కగ బీఈడీల చేరు" అని పొద్దుమాపు అదే పాట. నేనప్పుడు కోరుట్ల నుంచి జగిత్యాలకు ఆటోల పోయి, ఒక చిన్న ఆఫీసుల వెబ్‌సైట్లు చేసుడు నేర్సుకుంటున్న (నేర్సుకుంటున్న అని ఇప్పుడంటున్న గని, అప్పుడైతె నాకు అన్ని అచ్చనే అనుకునేదాన్ని).

గప్పుడే తెలంగాణ కోసం కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టిండ్రు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండి, అందరు కూసోని తినుడు, గదే మా నిరసన. మా గల్లీల ఎవలేం సామాను తెస్తరో రాసుకునే సైట్ చెయ్యిమని మా సార్ నాకు అప్పజెప్పిండు. కొత్త పాస్‌వర్డ్‌లు ఎవలకు యాదుంటయి? అందుకే ఉన్న మెయిల్‌తోనే లోపలికి వచ్చేటట్టు పెట్టిన. "మనిషి ఎవలో మెయిల్ కంపెనోళ్లే చెప్తరు సార్, మనం నమ్ముడే" అని గొప్పగ చెప్పిన. ఒక మెయిల్‌కు ఒక మనిషి, ఒక మనిషికి ఒక సామాను. మార్పులుంటె ఉంటయి, ముందురోజు సైట్ చూసుకోనే రాండ్రని సార్ అందరికి చెప్పిండు.

నాకు తెల్వనిది ఒక్కటే. మా గల్లీల నాకు తప్ప ఎవలకు సొంత మెయిల్ లేదు. ఇంటర్‌నెట్ సెంటర్ నడిపే చాచా, ఫలితాలు చూడాలన్నా, ఫారం నింపాలన్నా తన మెయిల్‌నే అందరికి వాడేటోడు. సైట్ల రాయించనీకి సుత అందరు ఆయన దగ్గరికే పోయిండ్రు. పక్కింటి అవ్వ బియ్యం రాయిస్తె, ఎనుక వచ్చినాయన పప్పు అచ్చి దాని మీద కూసున్నది, బియ్యం చెరిగిపోయింది. ఆఖరుకు వచ్చిన మా అత్త ఉప్పు రాయించింది. ముందురోజు మల్ల అందరు చాచా కాడ సైట్ తెరిచి చూసుకున్నరు. "మీరు తేవలసింది: ఉప్పు" అని ఉన్నది.

తెల్లారి మా గల్లీకెల్లి ముప్పై మంది అచ్చిండ్రు, ముప్పై ఉప్పు పాకెట్లతోని. సాంచెలు బంద్ చేసి వచ్చిన సిరిసిల్ల నేతోళ్లు ఆకలితోని ఖాళీ గంజు దిక్కు చూస్తున్నరు. "నేనైతె బియ్యమే రాయించిన బిడ్డా, కంప్యూటరే ఉప్పన్నది" అన్నది అవ్వ. సార్ నా దిక్కు చూసిండు, ఆయన ఎనుక నిలబడి బాపు చూసిండు. ఇగ బీఈడీయే అనుకున్న. నిజం చెప్పాల్నంటె ఏడుపు ఆగలే.

గప్పుడు చాచా ముందటికి అచ్చి, "పిల్ల మంచిగనే చేసింది సార్. మెయిల్ నాది, గల్తీ నాది" అన్నడు. తనే ముందు ఇంటికి ఉరికి బియ్యం తెచ్చిండు. ఆయనను చూసి గల్లీ అంత ఉరికింది. రెండు గంటలకు అందరం తిన్నం. బాపు మొదటి బుక్క పెట్టుకోని, "ఉప్పు సరిపోయింది" అన్నడు (బీఈడీ మాట మల్ల ఎత్తలే).

ఇప్పుడు నేను పెద్ద కంపెనీల లాగిన్‌ల పనే చూస్తున్న. ఒకల నంబర్ ఇంకొకలు పెట్టద్దని కొత్త పిల్లలకు గంటలకు గంటలు చెప్త. నా మెయిల్ మాత్రం అప్పట్ల చాచా తన ఫోన్ నంబర్ పెట్టి తెరిచిచ్చిందే. ఆ నంబర్ మార్చుడు రెండు నిమిషాల పని, మార్చబుద్ధి గాదు. మొన్న సుత నేను కొత్త ఫోన్ల మెయిల్ తెరుస్తుంటె చాచా ఫోన్ చేసిండు. "కోడ్ అచ్చింది బేటీ. ఎవ్వలకు చెప్పద్దని రాసిండ్రు. మరి నీకు చెప్పాల్నా, వద్దా?"