తెర వెనక టెస్ట్ మీల్

1998 జూన్‌లో నన్ను బెంగళూరులోని ఒక పరిశోధన ఆసుపత్రిలో పేగు హార్మోన్ల విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. తిన్నది చిన్నపేగులోకి దిగగానే పేగు గోడలు కొన్ని హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి. ఇన్సులిన్ విడుదల చేయమని క్లోమానికి చెప్పేది వాటిలో ఒకటి. అది నిమిషాల్లో విరిగిపోతుంది కాబట్టి ట్యూబులను ముందే మంచులో పెట్టి, రక్తం తీసిన వెంటనే చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. ఈ పనిలో నాకు పేరుండేది, దాంతోపాటు పొగరూ ఉండేది.

మా వలంటీర్లు నగర శివారు హెబ్బగోడిలో అద్దె గదుల్లో ఉంటూ ఫ్యాక్టరీలో బట్టలు కుట్టే పన్నెండుమంది ఆడవాళ్ళు. పరగడుపున వచ్చి, మేమిచ్చే టెస్ట్ మీల్ పది నిమిషాల్లో పూర్తిగా తినాలి. నాలుగు ఇడ్లీలు, ఉడికించిన గుడ్డు, అరటిపండు, గ్లాసుడు పాలు. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని చూడాలన్నది నిబంధన. మగవాళ్ళ ముందు తినడానికి వాళ్ళు మొహమాటపడుతుంటే నేనే తెర కట్టించాను. లోపల ఒక నర్సును కూర్చోబెట్టాలన్న ఆలోచన మాత్రం నా బుర్రకు తట్టలేదు.

తిన్న తరువాత తీసిన రక్తంలో హార్మోన్ ఎంతుందో గ్రాఫు గీస్తే, మూడు వారాలైనా ఆ గీత పైకి లేవలేదు. హార్మోన్ కొలిచే కిట్లు మార్చాను, సెంట్రిఫ్యూజ్‌ను మెకానిక్‌కు చూపించాను. మా ప్రాజెక్టు పెద్ద డాక్టరుగారు మాత్రం సంబరపడిపోయి, శ్రామిక స్త్రీల చిన్నపేగులోనే లోపం ఉందని ఒక సదస్సుకు పత్రం రాసి పంపేశారు. అప్పుడు షుగరు రీడింగులు తీసి చూశాను. పేగులో లోపమే ఉంటే షుగరు ఇంకా పెరగాలి. ఇక్కడ అదీ పెద్దగా పెరగలేదు. అసలు తిండే సరిగ్గా లోపలికి పోలేదేమోనని అనుమానం వచ్చింది.

వాళ్ళలో పెద్దదైన నారాయణమ్మను అడిగాను. ఆమె దాచలేదు. సంచి తెరిచి, కాగితంలో చుట్టిన మూడు ఇడ్లీలు, గుడ్డు, అరటిపండు చూపించింది.

“ఇంట్లో ముగ్గురు పిల్లోళ్ళు ఉండారప్పా. వాళ్ళనిడిసిపెట్టి నేను తింటే గొంతు దిగతాదా?”

మిగతావాళ్ళ సంచుల్లోనూ పొట్లాలే.

డాక్టరుగారికి చెప్తే, వదిలేయమన్నారు. నిబంధన తప్పినట్టు ఎథిక్స్ కమిటీకి నివేదిక రాస్తానన్నాను. అయితే ఆ ఆడవాళ్ళు మోసం చేశారని రాసి సంతకం పెట్టమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“వాళ్ళు మోసం చెయ్యలేదు సార్. చూడాల్సింది మనం. చూడలేదు.”

తెర కట్టించింది నేనేనని, లోపల ఎవరినీ ఉంచలేదని రాసి సంతకం పెట్టాను. వలంటీర్ల పిల్లలకు కూడా భోజనం ఇవ్వాలని అడిగాను. కమిటీ ఒప్పుకుంది, పత్రాన్ని వెనక్కి తీసుకోమంది. ఆ ఏడాది నా ప్రమోషన్ ఆగిపోయింది.

రెండోసారి పరీక్ష పెట్టినప్పుడు పిల్లల పొట్లాలు ముందే చేతికిచ్చాం. తెర లోపల నర్సు కూర్చుంది. పళ్ళేలు ఖాళీ అయ్యాయి. అరగంట రీడింగుకల్లా నారాయణమ్మ హార్మోన్ గీత నిక్షేపంగా పైకి లేచింది.

తరువాత అచ్చైన కొత్త పత్రంలో డాక్టరుగారు, ‘వలంటీర్ల క్రమశిక్షణ మెరుగుపరిచిన తరువాత’ ఫలితాలు సరిగ్గా వచ్చాయని రాశారు. పిల్లల పొట్లాల ఊసే లేదు. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. ఒక మనిషి పేగులో లోపముందని రాసే ముందు, ఆ పేగులోకి ఏం వెళ్ళిందో మీ కళ్ళతో చూసి ఉండాలి.