గండుచీమ పగ

మొన్న ఆదివారం పొద్దున మా అక్క కూతురు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. "పిన్నీ, నాన్నకి యాభయ్యో పుట్టినరోజు చేస్తున్నాం. హాల్లో పెద్ద తెర కట్టించి పాత ఫోటోలన్నీ వేస్తాం. పెళ్ళైన కొత్తల్లోవి మా దగ్గర అసలు లేవు. నీ దగ్గరేమన్నా ఉంటే పంపవూ?" అంది. చూస్తానమ్మా అన్నాను గానీ, చూడాల్సిన పనేం లేదు. నా దగ్గర ఉన్నది ఒక్క ఫోటో. బీరువాలో పట్టుచీరల అడుగున, పాత కాగితపు కవర్లో ఉంది. నా పెళ్ళి ఆల్బం కూడా అంత భద్రంగా పెట్టుకోలేదు నేను. అందులో మా బావ ఏడుస్తున్నాడు. ఏడిపించింది నేనే. అందుకు ఇంతవరకూ ఒక్కరోజు కూడా విచారించలేదు. ముందే చెబుతున్నాను, చివర్లో కళ్ళు చెమర్చే మాటేదో వస్తుందని ఎదురుచూడకండి.

అప్పట్లో మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు ఉండేది. సీజను వచ్చిందంటే ప్రకాశం నుంచీ పల్నాడు నుంచీ లారీల మీద టిక్కీలు దిగేవి. మిరపకాయలు తొక్కి కుట్టిన గోతాన్ని యార్డులో టిక్కీ అంటారు. కొత్తవాళ్ళెవరొచ్చినా గేటు దగ్గరే తుమ్ములు మొదలయ్యేవి, మాకు మాత్రం ఆ ఘాటు ఊపిరిలో భాగమైపోయింది. డిగ్రీలో కంప్యూటర్లు చదివి, ఇంట్లో కూచుని గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను బాబాయి తీసుకెళ్ళి, కొట్లో కొత్తగా కొన్న కంప్యూటర్ ముందు కూచోబెట్టాడు. "ఆడపిల్లకి యార్డులో పనేంటయ్యా?" అన్నవాళ్ళకి, "నా పక్కనేగా ఉండేది, నీకేంటి నొప్పి?" అని సమాధానం చెప్పాడు. ఆ కుర్చీకి ఒక చెయ్యి విరిగింది, కూచుంటే కిర్రుమనేది. అయినా ఇది నాది అని నేను చెప్పుకోగలిగిన మొదటి వస్తువు అదే. దానికోసం నేను ఎవరితోనైనా తగువు పడేదాన్ని.

మధ్యాహ్నం వేలంపాటలు అయిపోయి, రైతులు భోజనాలకి వెళ్ళాక, ఫోను తీగ కంప్యూటర్‌కి తగిలించి ఇంటర్నెట్‌లోకి వెళ్ళేదాన్ని. అది కుయ్యోమొర్రోమని అరిచి అరిచి కలిసేది. నెట్ నడుస్తున్నంతసేపూ ఎవరు ఫోన్ చేసినా ఎంగేజే. "ఒసేయ్, బొంబాయి పార్టీ ఫోన్ చేస్తుంటాడే!" అని బాబాయి బయటినుంచి కేకలు పెట్టేవాడు. నేనెళ్ళేది కంప్యూటర్ల గురించి మనవాళ్ళు వాదించుకునే ఒక ఫోరానికి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్ళం. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు గొప్పదా, ఉచితంగా వచ్చేది గొప్పదా అని మొదలయ్యేది, సాయంత్రానికి ఒకళ్ళ వంశాన్ని ఒకళ్ళు తిట్టుకునేదాకా వెళ్ళేది. మర్నాడు మళ్ళీ అందరూ వచ్చి జోకులేసుకునేవాళ్ళు. అక్కడ ఎవరికీ సొంతపేర్లు లేవు. నా పేరు గండుచీమ. తల తెగినా పట్టు వదలదని ఆ పేరు పెట్టుకున్నాను. ఆడపిల్లనని ఎవరికీ తట్టలేదు. "ఏం గండన్నా", "ఒరేయ్ చీమా" అనేవాళ్ళు, నాకూ బానే ఉండేది. నిజం చెప్పొద్దూ, ఇంట్లో పదిమందిలో ఒకదాన్ని, అక్కడ మాత్రం నేనంటే నలుగురికీ లెక్కుండేది.

అక్కడ సర్వజ్ఞ అని ఒకడుండేవాడు. వాడు పెట్టుకున్న పేరే అది, నేనిచ్చిన బిరుదు కాదు. హైదరాబాదులో ఏదో కంపెనీలో పనిచేస్తాడని వాడే పది మాటల్లో తొమ్మిది సార్లు చెప్పేవాడు. ఎవరేం అడిగినా "ఇంతదానికేనా" అని మొదలుపెట్టేవాడు. సరే, ఎవడి డప్పు వాడిది అనుకుని ఊరుకునేదాన్ని. ఒక వేసవిలో మాత్రం వాడు నా జోలికి వచ్చాడు. మా కంప్యూటర్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. నేను డబ్బా విప్పి చూస్తే లోపలి ఫ్యాను చుట్టూ ఎర్రగా కారం పేరుకుని, రెక్కలు తిరగడం లేదు. గాలిని లోపలికి లాగే యంత్రం మా యార్డులో గాలితోపాటు ఏం లాగుతుంది మరి? ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, కళ్ళకి బాబాయి మోటారుసైకిలు అద్దాలు పెట్టుకుని, రంగులేసే బ్రష్షుతో మెల్లగా కిందికి దులిపితే మళ్ళీ నడిచేది. ఈ సంగతి ఫోరంలో రాసి, ఇలాంటి చోట ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారో చెప్పండి అని అడిగాను.

సర్వజ్ఞ సమాధానం ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. "కంప్యూటర్‌లో కారమా! పక్కనే అన్నం కూడా పెట్టి చూడు గండన్నా, కలుపుకుని తింటుంది. మంటపుడితే పెరుగన్నం పెట్టు" అని రాశాడు. అంతే, ఫోరం ఫోరమంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత నేను ఏ విషయం మీద నోరు విప్పినా పెరుగన్నమే. ప్రింటర్ గురించి రాస్తే "దానికి మజ్జిగ పట్టించావా?" అని ఒకడు, మౌసు గురించి రాస్తే "నంజుకోడానికి ఉల్లిపాయ పెట్టావా?" అని ఇంకొకడు. నా దగ్గర సలహాలు తీసుకుని బాగుపడ్డ వెధవలు కూడా! తమాషాకి తమాషా నాకూ ఇష్టమే. కానీ నేను కళ్ళతో చూసి, చేత్తో దులిపి చెప్పిన మాటని అబద్ధం చేసి నవ్వితే ఒళ్ళు మండదూ? నవ్వు గుర్తు ఒకటి పెట్టి ఊరుకున్నాను. ఈ సర్వజ్ఞ ఎప్పటికైనా నా చేతికి చిక్కకపోతాడా అని మాత్రం గట్టిగా అనుకున్నాను. ఎక్కడో హైదరాబాదులో ఉన్నవాడు, మొహం కూడా తెలియనివాడు ఎలా చిక్కుతాడో ఆలోచించలేదు. పగకి అవన్నీ పట్టవు.

ఆ ముందు మాఘమాసంలోనే మా అక్క పెళ్ళయింది. అక్కంటే బాబాయి పెద్దకూతురు. పెళ్ళి హడావిడిలో కొత్త బావతో నేను మాట్లాడింది రెండు ముక్కలు. ఆ వేసవిలో సెలవు పెట్టుకుని వారంపాటు అత్తారింటికి వచ్చాడు. మొదటిరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, మామిడికాయ పప్పులో నెయ్యి వెయ్యడానికి గిన్నె పట్టుకుని నేను వంగాను. అప్పుడు ఆయన బాబాయితో నవ్వుతూ చెబుతున్నాడు. "మావయ్యగారూ, మా ఫోరంలో ఒక చీమగాడున్నాడండీ, కంప్యూటర్‌లో కారం పడుతుందట! పెరుగన్నం పెట్టరా అన్నాను. ఇప్పటికీ వాణ్ణి ఏడిపిస్తూనే ఉన్నారు." నెయ్యి విస్తరి దాటి పోయింది. "చూసుకుని వెయ్యవే," అంది పిన్ని. చూసుకునే వేశాను పిన్నీ, అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. భగవంతుడు సర్వజ్ఞని మా ఇంట్లో పీట వేసి మరీ కూచోబెట్టాడు.

అక్కడితో ఆగినా సరిపెట్టుకునేదాన్నేమో. బాబాయి అమాయకంగా, "మా కొట్లోదీ అట్నే ఆగిపోతుంటది అల్లుడుగారూ, మా అమ్మాయి ఇప్పి దులుపుతుంటది," అన్నాడు. బావ తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడర్థమైంది. మాటిమాటికీ విప్పితే పాడవక ఏమవుతుంది? ఆ డబ్బా ముట్టుకోనివ్వకండి. అసలు తెలిసిన కుర్రాణ్ణెవర్నన్నా పెట్టుకోండి. ఆడపిల్లలకి ఇవన్నీ ఎందుకండీ," అన్నాడు. యార్డులో పుట్టి పెరిగినవాడు బాబాయి, కారం ఎక్కడిదాకా దూరుతుందో ఆయనకి తెలియదా? తెలుసు. కానీ కొత్తల్లుడి మాట కాదనే మావగారు గుంటూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు. "అంతేనంటారా?" అన్నాడు. నా వైపు చూడకుండా, "అయితే వచ్చే నెల నుంచి ఎవర్నన్నా చూద్దాంలే," అన్నాడు. నా కుర్చీ అలా పప్పన్నానికీ చారన్నానికీ మధ్య పోయింది. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఫోరంలో నా పరువు తీసినవాడు ఇంటికొచ్చి నా చోటు కూడా లాక్కున్నాడు.

నేను ఏడవలేదు. మర్నాడు బ్రష్షూ, అద్దాలూ, తడిగుడ్డా తీసుకెళ్ళి ఇంట్లో దాచేశాను. ముట్టుకోవద్దన్నారు కదా, ముట్టుకోలేదు. బుద్ధిమంతురాలైన మరదల్లాగా బావగారికి కాఫీలందించాను. మా వైపు కొత్తల్లుణ్ణి ఆటపట్టించడం మరదళ్ళ హక్కు, పిన్ని చెల్లెలి కూతుళ్ళు అప్పటికే కాఫీలో ఉప్పు వేశారు, దిండు కింద పల్లేరుకాయలు పెట్టారు. నన్ను మాత్రం బావ మెచ్చుకున్నాడు, నెమ్మదస్తురాలినని. ఎంత నెమ్మదో ఆ వారంలో రోజూ లారీల మీద దిగిన టిక్కీలకి తెలుసు. ఫ్యాను మీద కారం పొర మీద పొర పడుతూ వచ్చింది.

ఆయన వెళ్ళిపోయే ముందురోజు, కొట్టు నిండా రైతులున్న సమయంలో కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. ఇంటికి కబురు వెళ్ళింది. బావ చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు, మెళ్ళో కొత్తగా కొన్న డిజిటల్ కెమెరా. దాన్ని తీసి నా చేతికిచ్చి, "నేను రిపేరు చేస్తుంటే ఒకటి తియ్యి," అన్నాడు. స్క్రూలు విప్పి, పలక తీసి, లోపలికి తొంగిచూశాడు. "దుమ్ము పట్టింది," అన్నాడు. కారం అనలేదు చూడండి, దుమ్మట! నేను కెమెరా కంటికి ఆనించుకుని, నోట్లో బెల్లం పెట్టుకున్నంత తియ్యగా, "గట్టిగా ఊదితే పోతుందేమో బావగారూ," అన్నాను.

తల మొత్తం డబ్బాలో పెట్టి, బుగ్గలు పొంగించి ఊదాడు.

కొట్టంతా ఒక్క క్షణం ఎర్రబడింది. తర్వాత ఆయన అరుపు. "అమ్మో, కళ్ళు! మావయ్యగారూ, కళ్ళు!" అంటూ గుడ్డివాడిలా చేతులు చాపుకుని టిక్కీల మీద పడ్డాడు. అప్పుడు నొక్కాను నేను మీట. తొడిమలు తీసే ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. "అయ్యో అయ్యో, సందమామ లాంటి అల్లుడికి ఎంత కష్టమొచ్చిందే!" అంది ఒకామె. చిలకలూరిపేట నుంచొచ్చిన ముసలి రైతు ఒకాయన మాత్రం తన క్యారేజీ విప్పి, "పెరుగు పూయండయ్యా, మంట లాగేస్తది," అని పెరుగన్నం ముద్ద తీసి బావ మొహానికి మెత్తాడు. ఒట్టు, ఇది నేను చెప్పి చేయించింది కాదు. రెండో ఫోటో అది: ఇస్త్రీ చొక్కా, ఎర్రటి కళ్ళు, గడ్డం మీద మెతుకులు. ఆ సాయంత్రమే, నేను బ్రష్షు తెచ్చి దులిపి కంప్యూటర్ నడిపించాక బాబాయి, "నీ కుర్చీలో నువ్వే కూచోవే తల్లీ," అన్నాడు. అక్క మొహం మాడ్చుకుంటే పిన్ని, "మరదలన్నాక ఆ మాత్రం ఉండదా," అని తీసిపారేసింది. కెమెరా తిరిగిచ్చే ముందు రెండు ఫోటోలూ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను, కెమెరాలోంచి మాత్రం తుడిచేశాను.

కథ అక్కడితో అయిపోవాల్సింది. హైదరాబాదు వెళ్ళిన వారానికే సర్వజ్ఞ ఫోరంలో పెద్ద వ్యాసం రాశాడు. మిర్చి ప్రాంతాల్లో కంప్యూటర్ల సమస్య మీద స్వయంగా వెళ్ళి పరిశోధన చేశాడట! తడిగుడ్డ, అద్దాలు, బ్రష్షు, అన్నీ అక్క దగ్గర కూపీ లాగి తన పేరుతో పెట్టాడు. ఆహా ఓహో అని చప్పట్లు కొట్టారు నన్ను చూసి నవ్విన వెధవలే. నా నసాళానికంటింది. కింద వాదనేదీ పెట్టుకోకుండా పెరుగన్నం ఫోటో పెట్టి, "పరిశోధన జరుగుచున్న దృశ్యం" అని శీర్షిక తగిలించి, గండుచీమ అని సంతకం చేశాను. ఆ రోజు ఫోరం నవ్వినట్టు మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు. మర్నాడు కొట్టుకి ఫోనొచ్చింది. "గండుచీమవి నువ్వా?" అన్నాడు బావ.

"కుట్టిందా బావగారూ?" అన్నాను.

ఆయన ఫోరం వదిలేశాడు. అక్క నాతో మాట్లాడటం మానేసి, పాపాయి బారసాలకి గానీ మళ్ళీ పలకలేదు. తర్వాత్తర్వాత ఫోరమూ మూతపడింది. మా తగువులూ, జోకులూ, నా ఫోటో కింద పడ్డ నవ్వులూ అన్నీ ఒక్కసారిగా గాలికి పోయాయి. ఆ సంగతి తెలిసిన రోజునుంచీ బావ మళ్ళీ మొదలుపెట్టాడు. ఏ పెళ్ళిలో నలుగురు కలిసినా, "అప్పట్లో కంప్యూటర్‌లో కారం సమస్య కనిపెట్టింది నేనే," అని చెబుతూనే ఉన్నాడు. నేను వింటూనే ఉన్నాను, వడ్డిస్తూనే ఉన్నాను. సాక్ష్యం మాత్రం, అప్పుడే ప్రింటు తీయించి పెట్టుకున్న పెరుగన్నం ఫోటో, ఇంతకాలం నా చీరల అడుగున ఉంది.

ఆ బారసాల పాపాయే మొన్న ఫోన్ చేసింది. నిన్న ఫోటో పంపాను. వెంటనే ఫోన్. "పిన్నీ, నాన్న ఎందుకేడుస్తున్నాడు? ఆ మొహాన అన్నమేంటి?" అంది.

"ఏడవటం కాదమ్మా, కంప్యూటర్‌లో కారం ఉంటుందని కనిపెడుతున్నాడు. అందరూ భోజనాలకి లేవకముందే వెయ్యండి, తెర నిండా. కింద గండుచీమ అని రాయడం మర్చిపోకు," అన్నాను.

కాలం ఎంతటి మంటనైనా చల్లారుస్తుందంటారు పెద్దవాళ్ళు. మా గుంటూరులో మిర్చికి కోల్డ్ స్టోరేజీలు కట్టింది ఘాటు పోకుండా ఉండటానికి.