కోళ్ళ గూట్లోంచి తీసిన హంస

మనోన్మణి అక్క కొట్టిన చిల్లుకి వంక పెట్టగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇది నా మాట కాదు, ఆరణిలో పట్టు నేసే ఎవరినైనా అడగండి. సరే, మొదట అన్నది నేనే. తరవాత అందరూ అన్నారు.

జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టడం ఆమె పని. చీర అంచు మీద హంస నడవాలంటే ముందు గళ్ళ కాగితం మీద పుట్టాలి, ఆ తరవాత అట్టల మీద చిల్లులుగా మారాలి. ఒక్కో పేక పోగుకి ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. అంతే రహస్యం. తొమ్మిదో తరగతిలో బడి నన్నూ నేను బడినీ ఒకేరోజు వదిలించుకున్నాం, అయినా నాకే అర్థమైంది.

నలభై ఏళ్ళలో ఆమె రెండువందల పైచిలుకు అంచులు కొట్టింది. ఎవరొచ్చి అడిగినా అట్టల చుట్ట చేతిలో పెట్టేది. "నేసుకో. నచ్చకపోతే మార్చుకో. మార్చింది మాత్రం దాచుకోకూడదు, తెచ్చి వీధిలో చూపించాలి." అదొక్కటే షరతు. ఆమె పంతొమ్మిదో ఏట కొట్టిన హంస అంచుకి అలా మా వీధిలో పదమూడు రకాల పిల్లలు పుట్టాయి. మా నాన్న మార్చిన హంస అచ్చం బాతులా ఉంటుంది. ఇంటి పరువు కోసం దాన్ని నెమలి అంటాం.

మూడేళ్ళ కిందట ఒక కంపెనీ వచ్చింది. అట్టలక్కర్లేని కరెంటు పెట్టె తెచ్చింది. అందులో బొమ్మ పెడితే చాలు, పడుగు పోగుల్ని లేపే కొక్కేలు వాటంతటవే లేస్తాయి. కంపెనీ మనిషి దినకరన్ తెల్లచొక్కా నలగకుండా ఇంటింటికీ తిరిగాడు. మా అంచులన్నీ పెట్టెల్లోకి ఎక్కించాడు, కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడు. చదివిన వాళ్ళెవరు? నేను చదివాను, మొదటి వాక్యం దాకా.

మేం చేసిన తెలివితక్కువ పని ఆ తరవాతది. మగ్గాల మీదున్న పాత ఇనప జకార్డు యంత్రాల్ని తూకానికి అమ్మేశాం. మిగిలిన అట్టలు గట్టివి కదా, పారెయ్యబుద్ధి కాలేదు. విసనకర్రలు చేసుకున్నాం, కారే పెంకుల కింద దోపుకున్నాం, బియ్యం డబ్బాలకు మూతలు పెట్టుకున్నాం. రుక్కు చిన్నమ్మైతే కోళ్ళ గూటికి గోడలే కట్టేసింది.

పోయిన ఆవణి నెలలో ఒక పొద్దున ముప్పై ఎనిమిది మగ్గాలు ఒక్కసారి ఆగిపోయాయి. ప్రతి పెట్టె మీదా ఎర్ర లైటు. ఆ నిశ్శబ్దానికి పక్క వీధి కుక్కలు కూడా వచ్చి చూసి వెళ్ళాయి. మధ్యాహ్నానికి దినకరన్ దిగాడు.

"కొత్త ఒప్పందం అక్కా. ఇక మీదట కంపెనీ చెప్పిన వ్యాపారికే నెయ్యాలి. సంతకం పెడితే ఇప్పుడే లైటు పచ్చగా మారుతుంది."

"పెట్టకపోతే?" అంది మనోన్మణి అక్క.

"పెట్టెలో ఉన్న డిజైన్లు కంపెనీవి కదక్కా. పాత కాగితంలోనే రాసుంది."

అక్క పెట్టె మీది లైటుకేసి చూసింది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. నా మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. దాని బాధ నాకుంది, కానీ ఆమెవి నలభై ఏళ్ళు ఆ ఎర్ర లైటు వెనక ఉన్నాయి.

"నా హంస నీదెప్పుడయింది తంబీ?" అని మాత్రం అడిగింది.

దినకరన్ మూడు రోజుల గడువిచ్చి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే రుక్కు చిన్నమ్మ కూతురు నిత్తిల వేలూరు నుంచి వచ్చింది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. పెట్టె మూత విప్పి లోపల తొంగిచూసి నవ్వింది. "కొక్కేలు మనవే, తీగలు మనవే. తాళం వేసింది ఈ చిన్న చిప్ ఒక్కటే. దీని బదులు వేరేది పెట్టొచ్చు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ నాలాంటి వాళ్ళు కొందరం కలిసి రాశాం. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. మార్చి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం తలుపు మూయకూడదు. అదే షరతు."

అక్క చటుక్కున తలెత్తింది. "అది మా అట్టల షరతేగా!"

"అవునక్కా. కానీ అందులో పెట్టడానికి బొమ్మలేవీ? అవి కంపెనీ తాళంలో ఉన్నాయి."

అక్క చేతిలో విసనకర్ర ఉంది. దాన్ని వెలుతురుకి ఎత్తింది. చిల్లుల్లోంచి నేల మీద చుక్కలు పడ్డాయి. అంచున ఆమె నీలం పెన్సిలుతో వేసిన అంకె, రెండువందల పదకొండు.

"ఏరా కదిరూ, మొద్దులా నిలబడ్డావేం? ఇది నా హంస మెడ!" అని నా మీద కేక వేసింది.

ఇక ఆ మర్నాడు మా వీధిని చూడాలి. నేను ఒక్కణ్ణే పన్నెండు ఇళ్ళ పైకప్పులెక్కాను. పన్నెండు కాదని మా ఆవిడ అంటుంది, ఆమె కింద నిలబడి ఎలా లెక్కపెడుతుంది? మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఈగ తోలుకోవడానికి విసనకర్ర మిగల్లేదు, ఏ బియ్యం డబ్బాకీ మూత లేదు. రుక్కు చిన్నమ్మ గూటికి అడ్డంగా నిలబడింది.

"నా కోళ్ళెక్కడ పడుకోవాలి?"

"మా ఇంట్లో పడుకోబెట్టు చిన్నమ్మా, మా అత్తగారి గది ఖాళీయే."

"మీ అత్తగారు పోట్లాడి వెళ్ళిన గదిలో నా కోళ్ళు గుడ్లు పెట్టవురా!"

అని తిడుతూనే గోడలు ఆమే పీకి ఇచ్చింది.

అట్టల్ని అంకెల వరసన ఎండలో తెల్లపంచ ముందు నిలబెట్టి నిత్తిల ఫోనుతో ఫోటోలు తీసింది. వెలుతురున్న చోట చిల్లు, లేనిచోట అట్ట. అది చదవడానికి ఆమె రాసిన కోడ్‌కి పది నిమిషాలు పట్టింది. మనోన్మణి అక్కకి అదీ పట్టలేదు. దూరం నుంచే, "మూడొందల రెండు తలకిందులుగా పెట్టావమ్మాయ్" అంది.

హంసకి నాలుగువందల ఎనిమిది అట్టలు. తొమ్మిది దొరకలేదు. మూడో రోజున అక్క అటక మీంచి తన పాత చిల్లుల యంత్రం దింపించింది. కాళ్ళతో తొక్కుతూ, కళ్ళు మూసుకుని కొట్టడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకోవడం నేను చేర్చిందే, కానీ గళ్ళ కాగితం లేకుండా కొట్టింది మాత్రం నిజం. ఏడో అట్ట దగ్గర గుమ్మంలో దినకరన్ ప్రత్యక్షమయ్యాడు. గడువు ఆ రోజుతో సరి.

"అక్కా, ఇది నేరం. ఈ డిజైన్లు కంపెనీవి."

ఆమె తొక్కడం ఆపలేదు. "నీ పెట్టెలోంచి ఒక్క చుక్క తీశానా తంబీ? రుక్కు కోళ్ళ గూట్లోంచి తీశాను. వెళ్ళి ఆ కోళ్ళ చేత సంతకం పెట్టించుకున్నావేమో చూసుకో."

వీధంతా గొల్లున నవ్వింది. దినకరన్ గొంతు తగ్గించాడు. "మీకు పెద్ద ఉద్యోగం ఇమ్మన్నారక్కా. డిజైన్ల విభాగానికి మీరే పెద్ద. ఒక్కటే, ఇది ఎవరికీ ఇవ్వకూడదు."

యంత్రం ఆగింది. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, కాదనడం మాటలా?

"నలభై ఏళ్ళుగా ఇచ్చిందాన్ని," అంది. "ఇప్పుడు ఇవ్వకుండా ఉండడం నేర్చుకోవాలంటే వయసు చాలదు." మిగిలిన రెండు అట్టలూ కొట్టేసింది.

నిత్తిల తెచ్చిన చిప్‌ను నా పెట్టెలోనే మొదట బిగించారు. నా మగ్గం కాబట్టి, ధైర్యవంతుణ్ణి నేనే కాబట్టి. తొక్కాను. కొక్కేలు లేచాయి. నాడె పేక పోగుతో అటూ ఇటూ పరుగెత్తింది. జానెడు నేసేసరికి జరీ హంస మెడ పైకెత్తింది. వీధిలో వేసిన ఈలలు తిరువణ్ణామలై దాకా వినిపించాయని అక్కడి మా బావమరిది చెప్పాడు, వాడు నాకన్నా అబద్ధాలకోరు.

కానీ హంస ముక్కు ముందు ఒక జరీ చుక్క ఉంది. అక్క కొట్టనిది. రుక్కు చిన్నమ్మ కోడిపుంజు పొడిచిన చిల్లు!

"దిద్దేస్తానక్కా," అంది నిత్తిల.

"వద్దు. గింజ పొడుచుకోనీ. పుంజు కూడా మార్చి చూపించిందేగా."

అట్టలు దొరికిన అంచులన్నీ ఆ గింజతో సహా, షరతు రాసి మరీ ఇంటర్నెట్లో అందరికీ తెరిచి పెట్టింది నిత్తిల. వారంలో ముప్పై ఎనిమిది ఎర్ర లైట్లూ ఆరిపోయాయి.

మొన్న వైగాసి నెలలో సేలం దగ్గర ఇళంపిళ్ళై నుంచి నలుగురు నేతగాళ్ళు బస్సు దిగారు. చేతుల్లో మాకున్నలాంటి కంపెనీ పెట్టెలే. వాళ్ళ పెట్టెల్లోకి కంపెనీ కొత్తగా పంపిన "సొంత" హంస ముక్కు ముందు గింజ ఉందట. అదెందుకని అడిగితే దినకరన్ తెల్లచొక్కా దులుపుకుని వెళ్ళిపోయాడట. గింజ ఎక్కడిదా అని వాకబు చేసుకుంటూ ఇక్కడికి చేరారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అక్కా, కంపెనీ వాళ్ళు దొంగలు! మన హంసకి తాళం వేశారు! షరతు తప్పారు!"

"తప్పారు. నిత్తిలకి చెప్పు, కంపెనీకి ఉత్తరం రాస్తుంది. హంసను ఉంచుకోవాలంటే తాళం తియ్యమని." ఆమె అప్పటికే ముందున్న పెట్టె మూత విప్పుతోంది. "ముందు వీళ్ళకి కాఫీ పెట్టించు. రుక్కుని పుంజును తీసుకురమ్మను, వీళ్ళు చూడాలంటున్నారు."