ఆదివారం కాపురాలు

1981 ఏప్రిల్ నెలలో నన్ను తిరువళ్ళూరు–తిరుత్తణి సెక్షనుకు మార్చారు. అప్పటికి నేను మద్రాసులోని ఒక గృహరుణ సహకార సంఘంలో వాల్యుయేషన్ ఇన్‌స్పెక్టరుని, రెండో గ్రేడు. నా పైన ఒక అసిస్టెంటు ఇంజినీరు, ఆయన పైన సెక్రటరీ. నా కింద మాత్రం ఎవరూ లేరు. ఒక వంద అడుగుల స్టీలు టేపు, బావి లోతు చూడటానికి కొసన ఇనప గుండు కట్టిన తాడు, ఒక ఫీల్డు బుక్కు, ఇవే నా సిబ్బంది. మాది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆ పక్కవాడివే కదా, నిన్నెవరూ మోసం చేయలేరు అంటూ సెక్రటరీ ఆ సెక్షను నాకు అంటగట్టారు.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. స్థలం అమ్మేవాడు చెప్పేది ధర, మేం రాసేది విలువ. సభ్యుడు అప్పుకు దరఖాస్తు పెట్టుకోగానే ఇన్‌స్పెక్టరు ఆ స్థలానికి వెళ్లాలి. సరిహద్దు రాళ్లు ప్లాను ప్రకారం ఉన్నాయో లేదో టేపు పట్టి చూడాలి. స్థలం మీద వేరే బాధ్యతలేవీ లేవని సబ్‌రిజిస్ట్రారు ఇచ్చే విల్లంగం సర్టిఫికెట్టు తీసుకోవాలి. బావిలో నీళ్లు కొలవాలి. చివరగా స్థానిక విచారణ. అంటే అక్కడ కాపురముంటున్న కనీసం అయిదు కుటుంబాలను కలిసి నీళ్లూ దారీ వరదా ఎలా ఉన్నాయో అడిగి, ఫారంలో రాసి సంతకాలు పెట్టించుకోవాలి. స్థానిక విచారణ బాగుంటే ఫైలు సగం పాసైనట్టే.

ఆ రోజుల్లో రైలు మార్గం పొడుగునా ఒక చెరకు తోట కొట్టేస్తే చాలు, నెల తిరక్కుండా అక్కడొక నగర్ వెలిసేది. నేను చెప్పబోయే నగర్ అసలు పేరు రాయను. ఆ పేరులో నీళ్లకు సంబంధించిన మాట ఒకటి ఉండేదని మాత్రం చెబుతాను.

దరఖాస్తుదారు పేరు దేవసహాయం. ఆవడి వైపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో తెలుగే మాట్లాడే క్రైస్తవ కుటుంబం. భార్య మరియమ్మ, అత్తగారు, తను, ముగ్గురూ ఒకే గదిలో అద్దెకుండేవారు. ఇంటి యజమాని రోజుకు ఆరు బిందెలు కాగానే చేతిపంపుకు తాళం వేసేవాడట. అందువల్ల దేవసహాయానికి ఇంటి కంటే బావి మీదే ఎక్కువ ఆశ. "కట్టేదానికేముంది సార్, నిదానంగా కట్టుకుంటాను. బావి ఉండే చోట ఉంటే చాలు. ఆరు బిందెల కోసం మా ఇంటామె రోజూ వాళ్ల కాళ్లు పట్టుకుంటా ఉండాది" అన్నాడు మా ఆఫీసుకు వచ్చిన రోజున. పదేళ్లుగా దాచుకున్నదంతా ఒక గ్రౌండుకు, అంటే 2400 చదరపు అడుగులకు, అడ్వాన్సుగా ఇచ్చేశాడు. అరవై రోజుల్లో మిగతాది చెల్లించకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వరని ఒప్పందం. ఫైలు నా చేతికి వచ్చేసరికి ఇరవై మూడు రోజులే మిగిలాయి. అంటే నా రిపోర్టు మీద ఆ మనిషి పదేళ్లు ఆధారపడి ఉన్నాయి.

అతనికి సెలవు ఆదివారమే కాబట్టి ఆదివారమే వెళ్దామన్నాడు. సరేనన్నాను. నేను చేసిన మొదటి తప్పు అదే.

స్థలాలు అమ్మే కంపెనీ వాళ్ల వ్యాను మమ్మల్ని స్టేషను దగ్గర ఎక్కించుకుంది. అక్కడి మేనేజరు వరదన్ చాలా మర్యాదస్తుడు, నా టేపు సంచీ తనే మోశాడు. లోపల పదహారు వీధులకు పేర్ల బోర్డులు నాటి ఉన్నాయి. వీధులు ఇంకా వేయలేదు. ముందు వరుసలో అయిదు చిన్న ఇళ్లు కట్టి, రంగు వేసి ఉన్నాయి. అయిదింటి ముందూ బట్టలు ఆరేసి ఉన్నాయి. ఒక పెద్దాయన వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఒకామె కళ్లాపి చల్లి ముగ్గు పెడుతోంది. అప్పుడు టైము పదకొండు. పొద్దున్నే పెట్టాల్సిన ముగ్గు ఇప్పుడెందుకు పెడుతోందని నాకు అనుమానం రావాల్సింది. కానీ నేను ఫీల్డు బుక్కులో 'పరిసరాలు శుభ్రం' అని రాసుకున్నాను.

రాళ్లు అంగుళం తేడా లేకుండా ఉన్నాయి. పత్రాలు నికార్సుగా ఉన్నాయి. బావిలోకి గుండు వదిలితే ఎనిమిది అడుగుల్లోనే నీళ్లు తగిలాయి. ఏప్రిల్ నెలలో ఆ చుట్టుపక్కల బావులన్నీ అడుగంటుతున్నప్పుడు ఇది వింతే. దేవసహాయం బావి గట్టు పట్టుకుని వంగి, లోపల తన నీడ చూసుకుని పసిపిల్లాడిలా నవ్వాడు. మరియమ్మను తీసుకురావాల్సిందన్నాడు.

తర్వాత స్థానిక విచారణ మొదలుపెట్టాను. తమిళంలో అడిగాను, అందరూ తమిళంలోనే జవాబు చెప్పారు. "తణ్ణి తేన్ మాదిరి ఇనిక్కుం." నీళ్లు తేనెలా తియ్యగా ఉంటాయని. నాలుగిళ్లలో నాలుగుసార్లూ అదే మాట, అదే స్వరం. ఊరంతా ఒకే మాట మీద ఉందని సంతోషించి సంతకాలు తీసుకున్నాను. అయిదో ఇంటి ముందు అలిసిపోయి అరుగు మీద కూలబడి, మధ్యాహ్నం రైలు దొరుకుతుందంటావా అని దేవసహాయాన్ని అడిగాను. అడిగింది తెలుగులో.

ఆ ఇంటామె, ఇందాక ముగ్గు పెట్టిన మనిషే, చప్పున బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "యా ఊరన్నా నీది?" అంది.

కే.జీ.కండిగై అన్నాను. ఆమె మొహం విప్పారింది. తన పేరు మునెమ్మ అనీ, తమది ఆ పక్క పల్లే అనీ చెప్పి నా పక్కనే కూర్చుంది. "నిన్ను ముందర వారాల్లో చూళ్లేదే. కొత్తగా చేరినావా? కొనేవాళ్లకి సంబళం ఎంతిస్తా ఉండారు? మాకు మూడు రూపాయలు, మద్దేనం సాపాడు."

నాకు అర్థం కాలేదు. సంబళమంటే జీతమని, సాపాడంటే భోజనమని తెలుసు. దేనికి జీతమో తెలియలేదు. నేను సంఘం నుంచి వచ్చిన అధికారినని, స్థలం విలువ కట్టడానికి వచ్చానని చెప్పాను. ఆమె మోకాలి మీద కొట్టుకుని నవ్వింది.

"బాగా చెప్తా ఉండావన్నా! మా మేస్త్రీ కూడా ఎవురడిగినా ఇట్లే మాట మీద నిలబడి చెప్పమన్నాడు. ఆ టేపు కూడా వాళ్లే ఇచ్చినారా?"

నేను గుర్తింపు కార్డు తీసి చూపించాను. ఆమె దాన్ని తిప్పి చూసి, మాకు ఇట్లాంటివేమీ ఇవ్వలేదే అని నొచ్చుకుంది. అసలు కిటుకు నాకు అప్పుడు తెలిసింది. నిజంగా కొనేవాళ్లు మద్రాసు నుంచి వస్తారు, తమిళంలో మాట్లాడతారు. వాళ్లతో తమిళంలోనే మాట్లాడాలని కంపెనీ కట్టడి. కాబట్టి అక్కడ తెలుగు నోరు విప్పినవాడు ఎవడైనా సరే, కూలికి వచ్చిన మనవాడే. నేను ఎంత గట్టిగా కాదంటే ఆమెకు నా పనితనం మీద అంత గౌరవం పెరిగింది.

మనవాణ్నని నమ్మకం కుదిరాక ఆమె కష్టాలు మొదలుపెట్టింది. కొనేవాళ్లను వ్యానులో తెస్తారట, కాపురముండేవాళ్లు మాత్రం మూడు మైళ్లు నడిచి రావాలట. ఆరేసిన బట్టలు కంపెనీవే, సాయంత్రం లెక్కపెట్టి పెట్టెలో పెట్టి తాళం వేస్తారట. లోపల పడుకున్న మగమనిషిని చూపించి, మీ ఆయనా అని అడిగాను.

"ఈయనెవురో నాకు తెలీదన్నా. మా ఆయన మూడో ఇంట్లో ఉండాడు. మీసం ఉండాదని ఆ ఇంటికి ఏసినారు."

దేవసహాయం బావి వైపు తిరిగి చూశాడు. అప్పుడు ఒక్క మాట అడిగాడు, బావి సంగతి ఏంటక్కా అని.

"అదా? నిన్న సాయంత్రం మూడు ట్యాంకర్లు పోసినారు. బుధవారానికంతా ఇంకిపోతాది. ఆ నీళ్లు తాగొద్దు నాయనా, యాడ తెచ్చినారో ఏమో. నేను ఇంటినుంచి తెచ్చుకున్నా, ఇంద" అంటూ తన చెంబు అతనికి ఇచ్చింది. అతను తాగాడు. నాకు ఆ చెంబు వైపు చూడాలంటే సిగ్గేసింది. పన్నెండేళ్ల అనుభవముందని చెప్పుకునేవాణ్ని, నాలుగు సంతకాల ఫారం చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

గురువారం రైలెక్కి ఒక్కణ్నే వెళ్లాను. మూడో ఇంట్లో మేకలున్నాయి. మిగతా నాలుగింటికీ తాళాలు. బావిలోకి గుండు వదిలితే తాడు అయిపోయింది కానీ తడి తగల్లేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పక్క పొలాల అమ్మకాలు చూసి, ఆ స్థలం విలువ కంపెనీ చెప్పిన ధరలో మూడో వంతుకు మించదని రాశాను.

అసిస్టెంటు ఇంజినీరు ఒప్పుకోలేదు. విచారణ ఫారంలో అయిదింట నాలుగు కుటుంబాలు బాగుందన్నాయి, సంతకాలు ఉన్నాయి, దాన్ని కాదనడం ఎలా అన్నారు. 'నివాసుల హోదా' అనే గడిలో సొంతం లేదా అద్దె అని రాయాలి. నేను 'దినకూలి' అని రాశాను. ఆయన అది కొట్టేసి అద్దె అనమన్నారు. అద్దె అంటే నివాసి ఇచ్చేది, ఇక్కడ నివాసికే కంపెనీ ఇస్తోందన్నాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు ఆలోచించి, అయితే 'అద్దె, మైనస్' అని రాయండన్నారు. అలాగే రాశాను. ఆ పైన అప్పు తిరస్కరించారు.

పోలీసులకు చెప్పవచ్చు కదా అంటారేమో. మా సంఘం వకీలును అడిగాను. రాళ్లు నిజం, పత్రాలు నిజం, అరుగు మీద కూర్చోవడం నేరం కాదు, తమ బావిలో తాము నీళ్లు పోసుకోవడం అంతకంటే కాదు అన్నాడాయన. దేవసహాయానికి నిర్ణయం నేనే చెప్పాను. మరి నా అడ్వాన్సు సార్ అన్నాడు. అది సంఘం పరిధిలోకి రాదన్నాను. రూలు ప్రకారం సరైన జవాబే. అతను నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఆడి నెలలో, అంటే జూలైలో, అదే నగర్ నుంచి ఇంకో ఫైలు వచ్చింది. ఈసారి దరఖాస్తుదారు శోళవరంలో ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మ. ఫైలులో మామూలు కాగితాలతో పాటు ఒక కొత్త కాగితం ఉంది. ముందుగా స్థలం కొన్న ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి, బావి నీళ్లు స్వయంగా చూశానని, తేనెలా ఉన్నాయని రాసి సంతకం పెట్టాడు. సంతకం దేవసహాయానిది.

ఈసారి కావాలనే ఆదివారం వెళ్లాను. బస్సులన్నీ పెరియపాళయం అమ్మవారి జాతరకు వెళ్లే జనంతో కిక్కిరిసి ఉన్నాయి. మునెమ్మ కూడా అక్కడికే వెళ్లినట్టుంది, ఆ వారానికి అయిదో ఇంటికి వేరే ఇల్లాలిని పెట్టారు. దేవసహాయం ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ప్లాను చుట్టతో షామియానా కింద కూర్చుని ఉన్నాడు. పక్కన టీచరమ్మ ఏదో అడుగుతోంది. అతను తమిళంలో నెమ్మదిగా, నమ్మకంగా జవాబు చెబుతున్నాడు.

పక్కకు పిలిచి, ఏం పనయ్యా ఇది అని తెలుగులో అడిగాను. అడ్వాన్సు తిరిగివ్వడం కుదరదని, కావాలంటే పనిచేసి తీసుకోవచ్చని వరదన్ చెప్పాడట. పన్నెండు ఆదివారాలు కొన్నవాడిగా కూర్చోవాలి, ఒక్కో ఆదివారానికి పన్నెండో వంతు. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఉన్న అసలైన మనిషి వాళ్లకు అంతవరకు దొరకలేదు. చర్చికి రావడం మానేశాడని మరియమ్మ మాట్లాడటం లేదట. ఇదంతా అతను నేల చూస్తూనే చెప్పాడు.

ఆవిడకేం చెప్పావు అన్నాను. అతను చేతిలోని ప్లాను చుట్ట మళ్లీ బిగించి చుట్టాడు. "ఎనిమిది అయిపోయినాయి సార్, ఇంకా నాలుగుండాయి. అంతవరకు నాతో అరవంలోనే మాట్లాడండి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం వరదన్ మీదా, దేవసహాయం మీదా, నా మీదా అన్నది మద్రాసులో రైలు దిగేదాకా తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. టీచరమ్మను అడిగితే, రెండు వారాల కిందటే అడ్వాన్సు ఇచ్చేశానంది. ఇంత నిదానమైన మనిషి చెప్పాక ఇక అనుమానమెందుకు అనుకుందట.

నా రిపోర్టు మీద ఆమె ఫైలు కూడా తిరస్కరించారు. తర్వాత ఆమె ఆదివారాలు ఎక్కడ గడిపిందో నేను విచారించలేదు.

నా రిపోర్టులు రెండూ సరైనవే. రెండుసార్లూ సంఘం డబ్బు నిలిచింది, దరఖాస్తుదారు డబ్బు పోయింది. దేవసహాయం తన నష్టాన్ని ఇంకొకరికి అందించి బయటపడ్డాడు, దానికి ముందు అతన్ని అక్కడ వదిలేసి వచ్చింది నేను. అప్పటినుంచి పదవీ విరమణ దాకా ఏ దరఖాస్తుదారు వచ్చినా నేను మొదట అడిగింది ఒకటే ప్రశ్న, అడ్వాన్సు ఇచ్చారా అని. లేదంటే ఫైలు నంబరు పడకముందే టేపు తీసుకుని బయల్దేరేవాణ్ని. ఇచ్చామంటే, నా పని ఇక మీకు ఉపయోగపడదు, సంఘానికి మాత్రమే ఉపయోగపడుతుందని వాళ్ల మొహం మీదే చెప్పి అప్పుడు వెళ్లేవాణ్ని.